పోర్తో నగరము: వింతలు, వంటలు

పోర్చుగలు దేశమున లిస్బను తరువాత చెప్పదగిన పట్టణము పోర్తో. స్పెయిను దేశమున బుట్టిన దోరో నది ఈ పట్టణమును దాటిన పిమ్మట అట్లాంటిక్ మహాసముద్రమున గలియును. పోర్చుగలు అను దేశనామమునకు సైతము ఈ ప్రాంతపు రేవుపేరే మూలము. 1996లో యునెస్కోవారు ఇచ్చటి పాతపట్టణమును ప్రపంచ వారసత్వ స్థలములలో జేర్చిరి.

మేము మొదట నదియొడ్డున నున్న రిబేరా పేటకు బోయితిమి. అచ్చట ఇండ్లు కొండవాలున ఒకదానిపై నొకటి నిలిచినట్లుండును. ఇరుకైన సందులు, మెట్లదారులు, కిటికీలయందు ఆరవేసిన గుడ్డలు చూచినచో ఇది సంసారులు కాపురముండు పేటయని తెలియును. ఎక్కిదిగుట ఎక్కువ గావున మెత్తని చెప్పులు తొడిగికొని పోవుట మేలు.

నదిపై 1886లో తెరచిన దొం లూయీస్ ఇనుపవంతెన కలదు. దానికి రెండంతస్తులు. పై యంతస్తుమీద మెట్రో రైళ్లును పాదచారులును పోవుచుందురు. దానికి చాలకాలము ముందు ఇచ్చట పడవలను వరుసగా గట్టి చేసిన వంతెన యుండెడిది. 1809 మార్చి 29వ తేదీన నెపోలియను సేనలు పట్టణమున జొరబడగా, ప్రాణభీతిచే జనులు పిల్లలతో నా వంతెనపైకి బరుగెత్తిరి. వంతెన విచ్చిపోయి వేలకొలది జనులు నీటిపాలైరని చెప్పుదురు. ఒడ్డుననున్న గోడకు ఆ ఘోరమును జూపు కంచుపలకను అమర్చియున్నారు. నేటికిని దానిముందు క్రొవ్వొత్తులు వెలిగించువారు కలరు.

సావ్ బెంతూ రైలుస్టేషను తప్పక చూడదగినది. 1916లో తెరచిన యీ కట్టడపు గోడలనిండ సుమారు ఇరువదివేల పింగాణి పలకలపై జోర్జి కొలాసు నీలివర్ణమున చరిత్రకథలు చిత్రించెను. పూర్వమచ్చట సన్న్యాసినుల మఠముండెను. 1834లో ప్రభుత్వమువారు మఠములను రద్దుచేసిరి గాని, అందున్న స్త్రీలను వెళ్లగొట్టలేదు. కడపటి సన్న్యాసిని 1892లో మరణించిన పిమ్మటనే స్థలము రైలువారికి దక్కినది.

ఆ చిత్రములలో నొకటి 1415లో హెన్రీ రాకుమారుడు ఆఫ్రికాతీరమందలి సెయుటాను జయించుట. ఇచ్చటి వారి ముఖ్యమైన వంటకు మూలకథ ఇదియే. ఆ దండయాత్రకు పట్టణమువారు మంచి మాంసమంతయు ఓడలకెక్కించి, తమకు పశువుల ప్రేగులు, పొట్టభాగములు మాత్రము మిగుల్చుకొనిరట. ఇల్లాండ్రు వానినే పారవేయక, జీలకఱ్ఱతో నుడికించి పిల్లలకు బెట్టిరట. నాటినుండి ఈ పట్టణమువారికి ‘ప్రేగులు తినువార’ ను పేరు వచ్చినది. ఎగతాళికి బెట్టిన పేరైనను వారు దానిని గర్వముతోనే చెప్పుకొందురు.

శాకాహారులు నిరాశపడ నక్కఱలేదు. ‘కాల్దు వెర్ది’ యను ఆకుకూర చారు మాకు మిక్కిలి నచ్చినది. బంగాళాదుంపలు, ఉల్లి, వెల్లుల్లి నీటిలో నుడికించి మెత్తగా మెదిపి, ముదురాకుపచ్చని క్యాబేజి జాతి యాకును వెండ్రుకలవలె సన్నగా దఱిగి అందులో వేసి, కొలదినిమిషములు మాత్రము పొంగనిచ్చి, ఆలివునూనె పోయుదురు. దీనిని జొన్నరొట్టెవంటి మొక్కజొన్న రొట్టెతో దిందురు. పైన మాంసపు ముక్క వేయుట వాడుక గావున, వలదని ముందే చెప్పవలెను. ఆకును ఇంత సన్నముగా దఱుగుట చూడగోరువారు బొల్యావ్ అంగడికి బోవచ్చును. 1914 నాటి యీ అంగడిని బాగుచేసి 2022లో మరల దెరచిరి.

ఆవలియొడ్డున గైయా పట్టణమున ద్రాక్షాసవమును నిలువచేయు కొట్లు కలవు. మనము వాడు ‘పీపా’ యను మాట పోర్చుగీసు మాటయే. అనాసపండు పేరును వారినుండియే వచ్చినది. ఈ వ్యాపారమున నేటికిని పేరెన్నికగన్నది దోనా ఆంతోనియా ఫెరైరా (1811–1896). ముప్పదిమూడవ యేట భర్తను గోల్పోయి, పిమ్మట అర్ధశతాబ్దము ద్రాక్షతోటలను తానే నడిపి వృద్ధిచేసినది.

పండుగనాటి పరమాన్నము ఎల్లవారును వండగలరు. మిగిలినదానితో ఇల్లు గడపిన నాటి వంటను ఆఱువందల యేండ్లుగా గౌరవముతో వడ్డించుచున్న పట్టణమును జూచుట మాత్రము మాకిదే మొదలు.