రంగుల బొమ్మ బాగానే ఉంది.. మరి తప్పు ఎక్కడ? సిమ్యులేషన్‌లో ‘ఎర్రర్ మ్యాప్’ ఎందుకు చూడాలంటే!

1991 ఆగస్టు 23. నార్వేలోని స్టావంగర్ దగ్గరున్న గాండ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ. ఉత్తర సముద్రంలో గ్యాస్ తీసేందుకు కట్టిన ‘స్లైప్‌నర్-ఎ’ ప్లాట్‌ఫామ్ కాంక్రీటు పునాదిని మెల్లగా నీళ్లలోకి దించుతున్నారు. ఉన్నట్టుండి ఒక గోడ పగిలింది. లోపలికి దూసుకొచ్చిన నీటిని పంపులు తోడలేకపోయాయి. చూస్తుండగానే పునాది మొత్తం మునిగిపోయింది. 220 మీటర్ల లోతున అది నేలను తాకి ముక్కలైతే, రిక్టర్ స్కేలుపై 3 తీవ్రతతో భూమి కంపించింది. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం లేదు. ఆర్థిక నష్టం మాత్రం దాదాపు 70 కోట్ల డాలర్లు.

పునాదిలో 24 కాంక్రీటు గదులున్నాయి. మూడు గదులు కలిసే చోట ఏర్పడే చిన్న త్రికోణపు సందు దగ్గరే గోడ బద్దలైంది. అక్కడి గోడపై పడే కోత బలాన్ని కంప్యూటర్ లెక్క 47 శాతం తక్కువగా చూపించింది. దాంతో గోడ మందం చాల్లేదు. పైగా లోపలి ఇనుప కడ్డీల అమరికా సరిగ్గా లేదు. ప్రమాదం తర్వాత అదే లెక్కను జాగ్రత్తగా మళ్లీ చేస్తే 62 మీటర్ల దగ్గర గోడ పగులుతుందని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర!

అంటే సాఫ్ట్‌వేర్‌కు లెక్క రాక కాదు. ఆగిపోయిందా అంటే అదీ లేదు. ఎలాంటి హెచ్చరికా లేకుండా జవాబు ఇచ్చింది. కాకపోతే ఆ మూలను అది చాలా మోటుగా చూసింది.

అగ్గిపుల్లలతో గుండ్రం గీస్తే..

కంప్యూటర్ ఏ వస్తువునైనా చిన్న చిన్న ముక్కలుగా కోసుకుని లెక్కిస్తుంది. ఆ ముక్కల వలను ‘మెష్’ అంటారు. ముక్కలు పెద్దవైతే ఏమవుతుందో తెలియాలంటే ఒక వృత్తం లోపల అగ్గిపుల్లలు పేర్చి చూడండి. ఆరు సమానమైన పుల్లలు పేరిస్తే చుట్టుకొలత వ్యాసానికి సరిగ్గా 3 రెట్లు వస్తుంది. రావాల్సింది 3.1416. తేడా నాలుగున్నర శాతం. పుల్లలు సగానికి విరిచినంత చిన్నవి చేసి 12 పెడితే 3.106. తేడా 1.1 శాతానికి పడిపోయింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. 3.1416 అనే జవాబు మీకు తెలియదనుకోండి. అయినా 3కి, 3.106కి మధ్య తేడా చూస్తే మొదటి లెక్క ఎంత మోటుగా ఉందో అంచనాకు వస్తుంది. ఒకే పనిని రెండు రకాలుగా లెక్కించి తేడా చూడటం.. సిమ్యులేషన్‌లో తప్పును పట్టే పద్ధతులు చాలావరకు దీనిమీదే నడుస్తాయి.

బొమ్మ నున్నగా ఉంటే అనుమానించాలి

ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో నీలం నుంచి ఎరుపు దాకా రంగులు పులిమిన బొమ్మలుంటాయి కదా! అవి ఒత్తిడి ఎక్కడ ఎంతుందో చెప్తాయి. ఆ లెక్కను ఎంత నమ్మొచ్చో మాత్రం చెప్పవు. నిజానికి చాలా సాఫ్ట్‌వేర్లు పక్కపక్క ముక్కల్లోని విలువలను సగటు చేసి మరీ రంగు వేస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది, అతుకులు కనిపించవు. దాచకూడనివే ఆ అతుకులు!

ఆ సగటును ఆపేసి చూస్తే కథ మారిపోతుంది. ఒక ముక్కలో 100 ఉన్న ఒత్తిడి, గీత దాటగానే పక్క ముక్కలో 160 అని కనిపించొచ్చు. ఒకే పదార్థంతో చేసిన వస్తువులో ఒత్తిడి అలా మెట్టు దిగినట్టు మారదు. కాబట్టి అక్కడ మెష్ చాల్లేదన్నమాట. జియెన్‌కీవిచ్, జూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1987లో ఇదే ఆలోచనను పక్కా పద్ధతిగా ప్రచురించారు. ముడి ఫలితానికి, నున్నగా చేసిన ఫలితానికి ఉన్న తేడానే తప్పుకు కొలతగా తీసుకుని ముక్కముక్కకీ లెక్కించొచ్చు. ఆ తేడాకు రంగు వేస్తే అదే ఎర్రర్ మ్యాప్. ఎర్రగా ఉన్నచోట మాత్రమే ముక్కలు చిన్నవి చేస్తే సరి. మొత్తం మోడల్‌ను పిండి చేసి కంప్యూటర్‌ను రోజుల తరబడి తిప్పక్కర్లేదు.

మెష్ చిన్నది చేసేకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే పోయి, ఎరుపు అక్కడే మొండికేస్తే? లోపలికి వంగిన పదునైన మూల ఉందేమో చూడాలి. లెక్క ప్రకారం అక్కడ ఒత్తిడికి హద్దే ఉండదు. నిజమైన వస్తువులో ఉన్నట్టే ఆ మూలకు కాస్త గుండ్రం ఇవ్వాలి.

సిమ్యులేషన్ నత్తనడక నడుస్తుంటే?

కాలంతో పాటు మారే మోడల్స్‌లో.. మోటార్, రోబో చెయ్యి, బ్యాటరీ లాంటివాటిలో.. సాల్వర్ అడుగులు వేసుకుంటూ పోతుంది. బాగా వాడుకలో ఉన్న ఓడీఈ45 అనే సాల్వర్ ప్రతి అడుగుకూ రెండు జవాబులు తీస్తుంది. ఒకటి కాస్త మోటుది, రెండోది మెరుగైంది. తేడా హద్దు దాటితే ఆ అడుగును కొట్టేసి, ఇంకా చిన్న అడుగు వేస్తుంది. వేరే చెప్పకపోతే ఆ హద్దు సుమారు వెయ్యిలో ఒక వంతు.

సిమ్యులేషన్ ఎక్కడో ఇరుక్కుపోతే అడుగు సైజును గ్రాఫ్‌గా గీయాలి. గీత ఏ క్షణంలో పాతాళానికి పడిందో, అప్పుడు ఏ రాశి దగ్గర తప్పు హద్దు మీరిందో చూడాలి. వంద సమీకరణాల్లో సాల్వర్‌ను పట్టి లాగుతున్నది ఒకటో రెండో ఉంటాయి, అంతే.

నేలకేసి కొట్టిన బంతినే తీసుకుందాం. ప్రతి ఎగురుడూ అంతకుముందు దానిలో 0.8 వంతు సమయమే తీసుకుంటుందనుకోండి. మొదటిది 1 సెకను పడితే, లెక్క ప్రకారం 5 సెకన్లలో బంతి లెక్కలేనన్నిసార్లు ఎగరాలి! సాల్వర్ ఒక్కో తాకుడునూ పట్టుకోవాలని చూసి, 5 సెకన్ల గీత దగ్గర కూలబడుతుంది. ఇక్కడ సాల్వర్‌ను తిట్టి లాభం లేదు. వేగం బాగా తగ్గాక బంతి ఆగిపోయినట్టేనని మోడల్‌లోనే రాయాలి.

బిగుతైన స్ప్రింగ్, నిదానంగా వేడెక్కే లోహం ఒకే మోడల్‌లో ఉంటే అది వేరే జబ్బు. వేగంగా మారే రాశి కోసం సాల్వర్ అడుగడుగునా కుంచించుకుపోతుంది. అప్పుడు సాల్వర్ రకాన్నే మార్చాలి. ఇలాంటి మోడల్స్ కోసం ఓడీఈ15ఎస్ లాంటివి ఉన్నాయి. ఇవేమీ చూడకుండా, ‘రన్ అయితే చాలు’ అని తప్పు హద్దును పెంచేసేవాళ్లే ఎక్కువ. జ్వరం తగ్గలేదని థర్మామీటర్ గీతలు చెరిపినట్టే అది.

రెసిడ్యువల్ సున్నా అయితే సరిపోతుందా?

సరిపోదు. సమీకరణాలు ఎంత కచ్చితంగా తేలాయో చెప్పేదే రెసిడ్యువల్ గ్రాఫ్. ఆ సమీకరణాలే మోటు మెష్ నుంచి పుట్టినవైతే, తప్పు ప్రశ్నకు సరైన జవాబు వచ్చినట్టు. అందుకే రెసిడ్యువల్, అడుగు సైజు, ఎర్రర్ మ్యాప్.. మూడూ విడివిడిగా చూడాలి. ఇక 10 టన్నుల బరువుకు బదులు టన్ను అని టైప్ చేసి ఉంటే మాత్రం ఈ మూడింట్లో ఏదీ పట్టుకోదు. దానికి కాగితం, పెన్ను, చేత్తో వేసే ఉజ్జాయింపు లెక్క కావాలి.