యంత్రమునకు పని అప్పగించు విధము
కృత్రిమ మేధకు వివరణ పత్రముల ఆవశ్యకత

గ్రామ పంచాయతీల లెక్కలు వ్రాయుటకు 'ఈ-గ్రామ్ స్వరాజ్' అను సాఫ్ట్‌వేరు 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభింపబడినది. గ్రామసభ చర్చల రికార్డుల నుండి మినిట్సు తయారుచేయు 'సభాసార్' అను కృత్రిమ మేధ సాధనమును కేంద్ర పంచాయతీ రాజ్ మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రవేశపెట్టినది. ఇట్లు కృత్రిమ మేధ పంచాయతీ గడప త్రొక్కినది. ఇకముందు దానికి అప్పగింపబడు పనులు పెరుగవచ్చును. కావున అది మన మాటను ఎట్లు గ్రహించునో సభ్యులకు తెలుపదలచితిమి.

ఏజెంటు అనగా నేమి?

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుటతో ఆగక, అప్పగించిన పనిని నెరవేర్చుటకై ఇతర సాఫ్ట్‌వేరు పనిముట్లను తానే ఎన్నుకొని నడుపు కృత్రిమ మేధను 'ఏజెంటు' అందురు. ఒక పనిముట్టు ఇంటిపన్ను బకాయిని చూపును. వేరొకటి రసీదు వ్రాయును. మరియొకటి నోటీసు పంపును. దేనిని ఎప్పుడు వాడవలెనో ఏజెంటు ప్రధానముగా ఆ పనిముట్టు వెంట నుంచిన వివరణ పత్రమును చదివి నిర్ణయించుకొనును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అను పద్ధతియందు పనిముట్టు పేరు, అది చేయు పని, దానికి అందింపవలసిన వివరములు ఒక క్రమమున వ్రాయబడును.

మనుష్యుల కొరకు వ్రాసినది చాలదా?

సాఫ్ట్‌వేరునకు వివరణ వ్రాయుట క్రొత్త గాదు. అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో పుట్టిన యూనిక్స్ వ్యవస్థకు మొదటి వివరణ గ్రంథము 1971 నవంబరులోనే వెలువడినది. కాని అట్టివి మనుష్యుల కొరకు వ్రాసినవి. క్రొత్త గుమాస్తా సందేహము కలిగినచో పాత గుమాస్తా నడుగును. ఊరి వాడుక ఎరిగినవాడు వ్రాయనిదానిని కూడ గ్రహించును. ఏజెంటునకు అట్టి ఆధారము లేదు. వ్రాయక విడిచిన చోట అది తరచు ఊహించును. ఆ ఊహను నిజము వలెనే వ్రాసివేయును.

ఒక ఉదాహరణము చూతము. భూమి విస్తీర్ణము '2.20' అని యున్నదనుకొందము. ఆంధ్రప్రదేశమున ఎకరమునకు 100 సెంట్లు. కావున అది 2 ఎకరముల 20 సెంట్లు. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. అచట అది 2 ఎకరముల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. రెంటికిని తేడా 30 సెంట్లు. పత్రమున 'విస్తీర్ణము' అని మాత్రమే యున్నచో ఏ లెక్క పట్టవలెనో యంత్రమెరుగదు. ఆ లెక్కపై నష్టపరిహారము కట్టినచో నష్టపోవువాడు రైతు.

'03-04-2025' అను తేదీని ఏప్రిల్ 3 అనియు, మార్చి 4 అనియు చదువవచ్చును. రెండును వేర్వేరు ఆర్థిక సంవత్సరములు. రామాపురము, కొత్తపల్లి అను పేర్లుగల గ్రామములు అనేకము. పేరుతో పాటు 'లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ' కోడు సంఖ్య కూడ ఇయ్యవలెనని పత్రమున వ్రాసినచో ఒక ఊరి పైకము వేరొక ఊరి పద్దున పడు ప్రమాదము తగ్గును.

మంచి పత్రమున నుండవలసినవి

1. పనిముట్టు ఏ పని చేయును, ఏ పనికి దానిని వాడరాదు.

2. అందింపవలసిన ప్రతి వివరమునకు కొలమానము, వ్రాయవలసిన తీరు, ఒక నమూనా.

3. అది పద్దును చూచుట మాత్రమే చేయునా, మార్చునా, తుడిచివేయునా. తుడిచినది మరల తెచ్చుకొనవచ్చునా.

4. పని కానప్పుడు చేయవలసినది. 'తప్పు జరిగినది' అనుట చాలదు. 'ఇంటి నంబరు దొరకలేదు. వార్డు నంబరు చేర్చి మరల అడుగుము' అని యుండవలెను. రసీదు వ్రాయుమన్న పిమ్మట జవాబు రానిచో, అది పడినదో లేదో ముందుగా చూడవలెనని కూడ వ్రాయవలెను. లేనిచో ఒకే పన్నునకు రెండు రసీదులు పుట్టవచ్చును.

ఇవన్నియు క్లుప్తముగా నుండవలెను. అనవసరమైన మాటలు పెరిగినకొలది ముఖ్యమైనది మరుగుపడును.

పత్రము తాళము గాదు

'తీర్మానము లేనిదే సొమ్ము చెల్లింపరాదు' అని పత్రమున వ్రాయుట మంచిదే. కాని అది హెచ్చరిక మాత్రమే. తీర్మానము, అధికారి ఆమోదము లేని చెల్లింపును సాఫ్ట్‌వేరే ఆపివేయునట్లు ఏర్పాటుండవలెను.

సభ్యులు చేయదగినది

ఏజెంటు వాడు సాఫ్ట్‌వేరు మీ పంచాయతీకి వచ్చినచో, దాని వివరణ పత్రమును తెలుగున అడిగి తీసికొని సమావేశమున చదివింపుడు. నిరుటి డిమాండు రిజిస్టరు నుండి నిజము తెలిసిన పది పద్దులను ఇచ్చి, యంత్రపు జవాబులను సరిచూడుడు. తప్పిన చోట పత్రమున ఏ మాట లోపించినదో తెలిపి దిద్దింపుడు. పన్ను రేటు మారిన నాడే పత్రమును కూడ మార్పింపుడు.

పత్రము వ్రాయుట సాఫ్ట్‌వేరు తయారుచేయువారి పనియే. అయినను ఊరి కొలతలు, పేర్లు, వాడుకలు ఎరిగినవారు మీరును, మీ బిల్లు కలెక్టరును. ఆ తెలివిడి ముందుగానే కాగితమునకు ఎక్కినచో, యంత్రపు తప్పును సరిదిద్దించుకొనుటకై పేదవాడు కార్యాలయముల చుట్టు తిరుగవలసిన అగత్యము తగ్గునని మా నమ్మకము.