పెట్టయని పెంచిన పుంజు

పెరటిలో గ్రుడ్లకొరకు నాలుగు కోళ్ళను సాకుకొనువారి యిండ్లలో తరచుగా జరుగు సంగతి యొకటి కలదు. నెల దాటిన పిల్లలను పెట్టలని నమ్మి కొని తెత్తురు. నాలుగైదు మాసములు నూకలు, తవుడు పెట్టి పెంచుదురు. నేడో రేపో గ్రుడ్డు పెట్టునని గంపలో గడ్డి పరచి యుంచుదురు. ఒకనాటి తెల్లవారుజామున ఆ పెట్టలలో నొకటి గోడయెక్కి, రెక్కలు కొట్టుకొని, గొంతెత్తి కూయును. ఇంటివారు పిల్లల నమ్మినవానిని తిట్టిపోయుదురు.

వానియందు మోసము లేకపోవచ్చును. అప్పుడే లేచిన పిల్లను చూచి ఆడు మగ తెలియుట అందరివలన నగు పని కాదు. పిల్ల మలద్వారమును మెల్లగా తెరచి, లోనుండు చిన్న బొడిపెను బట్టి గుర్తించు విద్యను జపానుదేశీయులు కనిపెట్టిరి. పెద్ద హేచరీలలో ఆ విద్య నేర్చినవారు కలరు గాని, ఊరూర గంపలతో తిరిగి యమ్మువారికి అది యెట్లు తెలియును? కావున కొనువాడే కొంత చూచుకొనవలయును. రెండు మాసముల పిల్లలలో మగదానికి జుట్టు ముందుగా నెదిగి యెఱ్ఱబారును. కాళ్ళు లావుగా నుండును. ఇది పూర్తిగా నమ్మదగిన గురుతు కాదు, జాతిని బట్టి మారును. మూడు మాసములు దాటిన పిమ్మట మెడమీదను, తోకకు ముందు నడుముమీదను, సన్నగా మొనదేలిన యీకలు మెరయుచు వచ్చినచో అది పుంజే. పెట్టకు ఆ చోట్ల యీకల కొనలు గుండ్రముగా నుండును.

గోదావరి ప్రాంతమున నొక సభ్యురాలి యింట సంక్రాంతికి నెల ముందుగా నిట్లే జరిగినది. ఆమెకు గల యేడు నాటుకోళ్ళలో ఆరు పెట్టలు, ఏడవది ఎఱ్ఱని డేగ పుంజు. కూలి దొరకని దినములలో ఉప్పు పప్పులకు ఆ గ్రుడ్లే యాధారము. పుంజు పొడవును, మెడ నిలుపును చూచి పందెగాడొకడు మాంసపు వెలకు నాలుగింతలు ఇచ్చెదనని వచ్చెను. కొడుకు అమ్ముమనెను. ఆమె మాతో, “అయ్యా, గుడ్డు పెట్టనిదానికి గింజలెందుకని మావాడంటాడు. నిజమే గాని, కత్తి కట్టేవాడి చేతికివ్వడానికి నాకు చేతులు రావటం లేదు” అనినది. కోడిపందెములు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునకును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూదపు చట్టమునకును విరుద్ధములు. అది యట్లుండ, మేము లెక్క వేసి చెప్పితిమి.

పెట్ట గ్రుడ్డు పెట్టుటకు పుంజుతో పని లేదు. ఈ మాట నమ్మనివారు నేటికిని కలరు. పుంజు లేని గ్రుడ్డు పిల్ల కాదు గాని తినుటకు దానికేమి కొఱతయు లేదు. పైగా వేసవిలో అదియే యెక్కువ దినములు నిలుచును. పుంజు కలిసిన గ్రుడ్డులో ఎండవేడికే పిండము కదలనారంభించి త్వరగా చెడును. కావున తిండి గ్రుడ్లు మాత్రమే అమ్మువారికి పుంజు గింజలు దండుగ. పిల్లలను లేపదలచినవారికో, పుంజు లేనిదే జరుగదు. ఎనిమిది పది పెట్టలకు ఒక్కటి చాలును. ఈమెకు పొదుగు నాటుపెట్ట యుండెను. ఇరుగుపొరుగున పిల్లలను కొనువారును ఉండిరి. ఆమె పుంజును నిలుపుకొనెను. పందెగాడు మరి రెండుమారులు వచ్చి పోయెను.

పొదుగుటకు వారము దాటని, పగులు లేని, మధ్యరకపు గ్రుడ్లను పది పండ్రెండు మించకుండ పెట్టవలయును. ఏడవ రాత్రి దీపమున కడ్డముగా పట్టి చూచిన, పిండము గలదానిలో ఎఱ్ఱని నరములు సాలెగూడువలె కనుపించును. తేటగా నున్నదానిని తీసివేయవచ్చును. ఇరువదియొకటవ నాటికి పిల్లలు లేచును. వేసవి వచ్చి గ్రుడ్లు తిండికే అమ్మదలచినచో పుంజును వేరు గూటిలో నుంచవలయును. కాని వేరుపరచిన పిమ్మటను రెండు మూడు వారములవరకు పిల్లయగు గ్రుడ్లు వచ్చుచునేయుండును. అంతవరకు పూటపూటకు ఏరి నీడపట్టున నుంచుడు.

రాజేంద్రనగరమునుండి వచ్చిన వనరాజ, గ్రామప్రియ కోళ్ళను పెంచువారు ఒకటి గమనింపవలయును. అవి సంకరములు. వాని పుంజుతో వాని పెట్టలనుండి లేపిన పిల్లలకు తల్లుల గుణములు నిలువవు. ఆ పుంజును కూరకు పెంచుటయే మేలు. పిల్లలను మరల కొని తెచ్చుకొనవలయును.

పసిపిల్లలపై కెగిరి తన్ను పుంజును, ఎంత యందగాడైనను, ఇంట నుంచరాదు. కొక్కెర తెగులు టీకా పుంజుకును పెట్టలకును ఒకే దినమున వేయింపుడు. ఒక్కదానిని విడిచిన మందకంతకు ముప్పు. ఏడాది గడచిన పిమ్మట దాని కూతుళ్ళే పెట్టలగును గనుక, అదే పుంజును వానితో కలుపరాదు. వేరు గ్రామపు సభ్యునితో మార్చుకొనుట మంచిది. పుంజు కావలసినవారును, ఎక్కువైనవారును తమ సంఘ కార్యదర్శితో చెప్పి పేరు వ్రాయించుకొనవచ్చును. పందెములకని యడుగువారి పేళ్ళు వ్రాయబడవు.