చక్రాల కుర్చీ వాడేవారు – బరువు నియంత్రణ, శారీరక చురుకుదనం

గత భాగంలో శక్తి సమతుల్యాన్ని గురించి చదివారు. ఆహారం ద్వారా వచ్చే శక్తి, శరీరం ఖర్చు చేసే శక్తి సమానంగా ఉంటే బరువు నిలకడగా ఉంటుందనీ, రాబడి ఎక్కువైతే మిగులు కొవ్వుగా నిల్వ అవుతుందనీ తెలుసుకొన్నారు. అయితే అక్కడ ఇచ్చిన ఉదాహరణలన్నీ నడిచే మనుషులవి. 'రోజూ అరగంట నడవండి' అనే సలహా నడవలేని మనిషికి ఏ విధంగానూ ఉపయోగపడదు. ఆ లోటును ఈ భాగం పూరిస్తుంది.

ఈ పాఠం చదివేవారిలో కొందరు స్వయంగా చక్రాల కుర్చీ వాడుతుండవచ్చు. తరగతి గది పై అంతస్తులో ఉండటం వల్లనే దూరవిద్యలో చేరినవారూ మీలో ఉండవచ్చు. జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇలాంటివారు లేని మండలం ఉండదు. చిన్నతనంలో పోలియో సోకి ఇప్పుడు నడివయసుకు వచ్చినవారు ఉన్నారు. భవన నిర్మాణానికి వలస వెళ్లి సెంట్రింగు మీద నుంచి పడినవారు, తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికులు, రోడ్డు ప్రమాదాల్లో వెన్నుపాము దెబ్బతిన్నవారు, మధుమేహం వల్ల కాలు కోల్పోయినవారు ఉన్నారు. వీరందరి శరీర పరిస్థితి ఒకటి కాదు. కింద చెప్పే విషయాల్లో ఏది ఎవరికి వర్తిస్తుందో జాగ్రత్తగా గమనించండి.

6.1 బరువు ఎందుకు ముఖ్యం?

బరువు తగ్గడాన్ని మనం సాధారణంగా అందంతోనో, షుగరు, బీపీలతోనో ముడిపెడతాం. షుగరు, బీపీల ముప్పు చక్రాల కుర్చీ వాడేవారికీ ఉంటుంది. కాని వారికి అంతకన్నా దగ్గరి కారణం మరొకటి ఉంది. కుర్చీ నుంచి మంచం మీదికి, మంచం నుంచి కుర్చీలోకి, స్నానాల పీట మీదికి, ఆటోలోకి రోజుకు ఎన్నోసార్లు మారాలి. ప్రతిసారీ శరీర బరువులో చాలా భాగాన్ని రెండు చేతులే ఎత్తాలి. నడిచే మనిషిలో ఈ భారం తుంటి, మోకాలు, మడమ పంచుకొంటాయి. భుజం కీలు బరువు మోయడానికి ఏర్పడినది కాదు. చేతిని అన్ని వైపులకూ తిప్పడానికి ఏర్పడినది.

అందువల్ల ఐదు కిలోలు పెరగడమంటే ప్రతి మార్పులోనూ ఆ ఐదు కిలోల బరువు భుజాల మీద పడటమే. భుజం నొప్పి మొదలైతే మనిషి తక్కువ కదులుతాడు, కదలిక తగ్గితే బరువు ఇంకా పెరుగుతుంది. చివరకు నిన్నటివరకు తానే మంచం ఎక్కిన మనిషి కొడుకు పొలం నుంచి వచ్చేదాకా కుర్చీలోనే కూర్చోవలసి వస్తుంది. ఎంతసేపు కూర్చుంటే పిరుదుల కింద ఒత్తిడి పుండ్లు పడే అవకాశం అంత ఎక్కువ. ఎవరి సాయమూ లేకుండా మంచం ఎక్కగలగడం ఒక మనిషి స్వాతంత్ర్యానికి సంబంధించిన విషయం. ఈ భాగాన్ని ఆ దృష్టితో చదవండి.

6.2 శక్తి లెక్క ఎక్కడ మారుతుంది?

శరీరంలోని పెద్ద కండరాలు తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉన్నాయి. అవి పనిచేయనప్పుడు క్రమంగా సన్నబడతాయి. కండరం తగ్గితే విశ్రాంతిలో ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గుతుంది. వెన్నుపాము గాయమైన మనిషికి, అదే వయసు, అదే బరువు గల నడిచే మనిషికన్నా తక్కువ ఆహారం సరిపోవడానికి కారణం ఇదే. గాయం కాకముందు తిన్నంతే తింటూ ఉంటే, తిండి పెరగకపోయినా బరువు పెరుగుతుంది. "నేనేమీ ఎక్కువ తినడం లేదే" అనే మాటలో అబద్ధం లేదు. లెక్క మారింది, అంతే.

రెండో సంగతి కాస్త నిరుత్సాహంగా అనిపించవచ్చు. చేతుల కండరాలు చిన్నవి. 60 కిలోల మనిషి అరగంటపాటు ఓ మోస్తరు వేగంతో కుర్చీ నెట్టుకొంటే ఖర్చయ్యేది సుమారు 100 కిలోక్యాలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల వేరుశనగ గింజల్లో దాదాపు 520 కిలోక్యాలరీలున్నాయి. అంటే 30 గ్రాముల పిడికెడు పల్లీలు 150 దాటిస్తాయి. అరగంట శ్రమ కన్నా పిడికెడు పల్లీలే బరువు! పల్లీ పండే మన ప్రాంతంలో ఈ లెక్క గుర్తుంచుకోవడం మంచిది. బరువు తగ్గించడంలో ప్రధాన పాత్ర ఆహారానిది. వ్యాయామం గుండెను, ఊపిరితిత్తులను, భుజాలను, మనసును నిలబెడుతుంది. రెండూ కావాలి, కాని ఒకదాని పని మరొకదానికి అప్పజెప్పకూడదు.

6.3 బరువు తూచుకోవడం

నిలబడలేని మనిషి ఎలా తూచుకోవాలి? చాలా ఆసుపత్రుల్లో కూడా నిలబడి తూచుకొనే యంత్రమే ఉంటుంది. ఈ ప్రశ్నకు మన పక్కనే సమాధానం ఉంది. వ్యవసాయ మార్కెట్ యార్డుల్లోనూ ధాన్యం కొనుగోలు కేంద్రాల్లోనూ బస్తాలు తూచే కాటాలుంటాయి. కాటా పళ్లెం కుర్చీ పట్టేంత వెడల్పుగా ఉంటే దాని మీదికి ఎక్కి తూచుకోండి. మీరు మంచం మీద ఉన్నప్పుడు ఎవరిచేతనైనా ఖాళీ కుర్చీని మెత్తతో సహా తూపించండి. మొత్తం 92 కిలోలు, కుర్చీ 19 కిలోలు అయితే మీ బరువు 73 కిలోలు. నెలకొకసారి, అదే కాటా మీద తూచుకొంటే చాలు. బస్తాల మధ్య తూచుకోవడం మొదటిసారి కొంత ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. రద్దీ లేని వేళ చూసుకొని వెళ్లండి.

గత భాగంలో నేర్చుకొన్న శరీర ద్రవ్యరాశి సూచికను ఇక్కడ నేరుగా వాడలేం. కాళ్లలో కండరం తగ్గి, దాని స్థానంలో కొవ్వు చేరిన శరీరంలో సూచిక మామూలుగా కనిపించినా కొవ్వు శాతం ఎక్కువగా ఉండవచ్చు. అందుకే వెన్నుపాము గాయమైనవారిలో సూచిక 22 దాటితేనే ఊబకాయంగా పరిగణించాలని కొందరు పరిశోధకులు సూచించారు. కాలు తొలగించినవారికి అసలు ఈ సూత్రమే సరిపోదు. దర్జీ టేపుతో, వెల్లకిలా పడుకొని, ఊపిరి వదిలాక బొడ్డు వద్ద నడుము కొలుచుకోవడం సులువైన మార్గం. పక్కవాడి కొలతతో పోల్చకండి. మీ కొలత నెలనెలా ఎటు పోతున్నదో చూడండి.

6.4 కంచంలో ఏం మార్చాలి?

ఒక కిలో కొవ్వులో సుమారు 7700 కిలోక్యాలరీలు నిల్వ ఉంటాయి. రోజుకు 250 తగ్గిస్తే నెలకు 7500, అంటే దాదాపు ఒక కిలో. ఈ వేగం చాలు. తిండి ఒక్కసారిగా మానేస్తే కొవ్వుతోపాటు చేతుల కండరం కూడా కరుగుతుంది, పుండ్లు మానడం ఆలస్యమవుతుంది.

ఆ 250 ఎక్కడి నుంచి వస్తాయి? రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు చాయ్‌లు తాగే మనిషి చక్కెరను సగం చేస్తే 80 తగ్గుతాయి. సాయంత్రం అరుగు మీద మాటల్లో పడి తినే పిడికెడు పల్లీలు మానితే 150. కూర తాలింపులో తన వంతుగా ఒక చిన్న చెంచా నూనె తగ్గితే 45. మొత్తం 275. అన్నం ఇంకా ముట్టుకోనేలేదు. పల్లీలు చెడ్డవని దీనర్థం కాదు. 100 గ్రాముల్లో 23 గ్రాములకు పైగా మాంసకృత్తులున్న గింజ అది. తొక్కులోనో పచ్చడిలోనో కొలత ప్రకారం తింటే మంచిదే. కల్లు, బీరు తాగేవారు వాటినీ లెక్కలో వేసుకోవాలి. వాటిని ఆహారంగా ఎవరూ లెక్కించరు కాబట్టి ప్రత్యేకంగా చెప్పవలసి వస్తున్నది.

ఇక అన్నం సంగతి. ఒక తరం కిందటి వరకు ఈ ప్రాంతంలో జొన్న రొట్టె ప్రధానాహారం. జూరాల కాలువలు, కల్వకుర్తి ఎత్తిపోతల నీరు వచ్చాక వరి పెరిగింది, రేషన్ బియ్యమూ తోడైంది, మూడు పూటలా అన్నమే కంచంలోకి వచ్చింది. శక్తిలో బియ్యానికీ జొన్నకూ పెద్ద తేడా లేదు: 100 గ్రాముల బియ్యంలో సుమారు 356 కిలోక్యాలరీలు, జొన్నల్లో 334. తేడా పీచులో ఉంది. బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10 గ్రాములు. కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉంటుంది. వెన్నుపాము గాయమైనవారిని ఎక్కువగా వేధించే మలబద్ధకానికీ పీచు మేలు చేస్తుంది. మరో లాభం మనస్తత్వానికి సంబంధించినది. రొట్టెలను లెక్కపెట్టి తింటాం. అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టరు. రాత్రి పూట రెండు రొట్టెలు, పప్పు లేదా ఉలవలు, ఆకుకూర తీసుకొని చూడండి. వీలైతే ఒక గుడ్డు. పీచును కొద్దికొద్దిగా పెంచండి, దానితోపాటు నీళ్లూ తాగండి.

నీళ్ల గురించి ఒక మాట. బయట అనువైన మరుగుదొడ్డి ఉండదని, ముఖ్యంగా స్త్రీలు, పగలంతా నీళ్లు తాగకుండా ఉంటారు. దీనివల్ల మూత్ర నాళంలో ఇన్‌ఫెక్షన్లు, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. దాహాన్ని ఆకలిగా పొరబడి తినడమూ జరుగుతుంది. ఇది వ్యక్తి తప్పు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ భవనాలను అందరూ వాడుకోగలిగేలా మార్చాలని చెబుతున్నది. ఆ మార్పును అడిగే హక్కు మీకుంది.

6.5 కదలిక

చక్రాల కుర్చీ మనుషులకు ఆటలను వైద్యంగా మార్చిన వ్యక్తి లుడ్విగ్ గట్‌మన్. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో యుద్ధంలో వెన్నుపాము గాయమైన సైనికులకు చికిత్స చేసిన ఈ వైద్యుడు, 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్స్‌కు మూలం అదే. మన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చిన మురళీకాంత్ పేట్కర్ కూడా సైనికుడే. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన ఆయన 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో గెలిచాడు.

మీ నుంచి పతకాలు ఎవరూ ఆశించడం లేదు. వెన్నుపాము గాయమైనవారి కోసం 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది ఇంతే: కనీసం 20 నిమిషాల ఓ మోస్తరు శ్రమ వారానికి రెండుసార్లు, కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి రెండుసార్లు. గుండెకు, షుగరుకు మేలు జరగాలంటే 30 నిమిషాల చొప్పున మూడుసార్లు. పని చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది ఓ మోస్తరు శ్రమ. ఛాతీ పైభాగంలో వెన్నుపాము గాయమైనవారిలో గుండె వేగం ఎక్కువగా పెరగదు కాబట్టి నాడి లెక్క కన్నా ఈ పరీక్షే నయం.

దీనికి జిమ్ అవసరం లేదు. చేతితో తిప్పే మూడు చక్రాల బండి చాలామంది ఇళ్లలో ఉంది. మోటారు బండి వచ్చాక అది పశువుల కొట్టంలో దుమ్ము పట్టి ఉంటుంది. విదేశాల్లో చేతితో తొక్కే సైకిళ్లను వ్యాయామం కోసం వేల రూపాయలు పోసి కొంటారు. మోటారు బండి వద్దని అనడం లేదు. ఉద్యోగానికీ కాలేజీకీ అదే కావాలి. కాని పాత బండికి గొలుసు వేసి, గాలి కొట్టించి, వారానికి మూడు ఉదయాలు బయటికి తీయండి. చదునైన నేల కావాలి: బడి మైదానం, ధాన్యం లేని రోజుల్లో సిమెంటు కల్లం, సీజను అయిపోయాక మార్కెట్ యార్డు. లారీలు తిరిగే రోడ్డు వద్దు. మొదటివారం పది నిమిషాలతో ఆపండి.

కుర్చీ నెట్టేవారు చేతి కదలికను గమనించుకోవాలి. పొట్టి పొట్టిగా, వేగంగా తోస్తే భుజం అరుగుతుంది. చక్రం పట్టీని వెనక నుంచి ముందుకు పొడవుగా తోసి వదిలి, చేతిని పట్టీకి కిందుగా జార్చి మళ్లీ వెనక్కి తేవాలి. టైర్లలో గాలి తగ్గితే అదే దూరానికి శ్రమ పెరుగుతుంది, వారానికొకసారి చూసుకోండి. నెట్టడం వల్ల ఛాతీ కండరాలు బలపడి, వీపు కండరాలు వెనకబడతాయి. దీన్ని సరిచేయడానికి పాత సైకిలు ట్యూబును కిటికీ చువ్వలకు కట్టి, రెండు కొసలూ పట్టుకొని, మోచేతులు నడుముకు ఆనించి వెనక్కి లాగండి. పదిసార్లు లాగి ఆగండి. అలా మూడు విడతలు. కుర్చీ బ్రేకులు వేయడం మరవకండి.

6.6 ఎప్పుడు ఆపాలి?

పోలియో వచ్చినవారు ఒక నియమం గుర్తుంచుకోవాలి. వ్యాయామం వల్ల వచ్చిన అలసట మరునాడు కూడా మిగిలి ఉంటే అది ఎక్కువైందని అర్థం, సగానికి తగ్గించాలి. మిగిలిన కొద్దిపాటి కండరాలను పట్టుదలతో అరగదీయడం వారికి నష్టమే.

ఛాతీ మధ్యభాగం నుంచి గాని, ఆ పైన గాని వెన్నుపాము గాయమైనవారికి గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు. 40 డిగ్రీలు దాటే మన ఏప్రిల్, మే నెలల్లో వారు ఉదయం ఏడులోపే ముగించాలి, మెడ మీద తడి తువ్వాలు ఉంచుకోవాలి. వీరికే మరొక ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పై భాగంలో చెమటలు కనిపిస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరిగిందని అర్థం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడాలి. లక్షణాలు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకువెళ్లాలి.

స్పర్శ లేని చోట పుండు పడినా తెలియదు. గంటకు రెండు మూడుసార్లు ముందుకో పక్కకో వంగి, ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీది భారం తప్పించండి. రాత్రి అద్దంతో చర్మం చూసుకోండి. నొక్కినా పోని ఎరుపు, లేదా నల్లబడిన మచ్చ ఉంటే అది మానేదాకా ఆ చోట కూర్చోవద్దు. కదలిక లేని కాళ్ల ఎముకలు పెళుసుగా ఉంటాయి కనుక కుర్చీ మారేటప్పుడు పాదం ఇరుక్కోకుండా చూసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టే ముందు ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టుకు మీ భుజాలు ఒకసారి చూపించండి.

కృత్యం: మీరు గాని, మీకు తెలిసిన చక్రాల కుర్చీ వాడే వ్యక్తి గాని ఏడు రోజులపాటు తిన్నవీ తాగినవీ చాయ్‌తో సహా రాయండి. పక్కన ఆ రోజు కుర్చీ నుంచి ఎన్నిసార్లు మారారో, అందులో ఎన్నింటికి మరొకరి సాయం కావలసి వచ్చిందో రాయండి. మూడు నెలల తరువాత మళ్లీ ఒక వారం ఇలాగే రాసి, రెండు కాగితాలనూ సంపర్క తరగతికి తీసుకురండి.