ఒకే క్లబ్బా, కొత్త క్లబ్బా?



2025వ సంవత్సరము మే నెలలో లివర్‌పూల్ నగరములోని ఆన్‌ఫీల్డ్ మైదానములో ఒక వింత జరిగినది. తమ జట్టు ప్రీమియర్ లీగును గెలుచుకొన్న సంతోషములో ఉన్న ప్రేక్షకులలో చాలామంది, తమ సొంత ఆటగాడే మైదానములోకి అడుగు పెట్టగానే కేకలు వేసి గేలి చేసినారు. ఆయన పేరు ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్. ఆ ఊరిలోనే పుట్టి, ఆరేండ్ల వయస్సులోనే ఆ క్లబ్బు శిక్షణలో చేరి, ఆ చొక్కాతో 354 ఆటలు ఆడినవారు. ఆయన చేసిన తప్పు ఏమనగా, తన ఒప్పందము ముగియగానే క్లబ్బును విడిచి వెళ్ళెదనని చెప్పుట. తరువాత స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్‌లో చేరినారు.

మన తరగతిలో కూడా ఈ విషయముపై పెద్ద వాదన జరిగినది. ద్రోహి అన్నవారు కొందరు, ఆయన ఇష్టము అన్నవారు కొందరు. ఎవరు సరి అని తేల్చుటకు ముందు, ఆటగాడు క్లబ్బు మారుట అనగా ఏమిటో తెలుసుకొనవలెను.

ఆటగాడు క్లబ్బుతో కొన్ని సంవత్సరములకు ఒప్పందము వ్రాసుకొనును. ఆ గడువులోపల మరొక క్లబ్బు ఆయనను కోరినచో, మొదటి క్లబ్బుకు సొమ్ము చెల్లించి తీసుకొనిపోవలెను. ఈ సొమ్ము క్లబ్బుకు చెందును గాని ఆటగాని జేబులోకి పోదు. ఈ సంగతి మీలో చాలామందికి తెలియదు. 2017లో నెయ్‌మార్ కోసము పారిస్ క్లబ్బు 222 మిలియన్ యూరోలు చెల్లించినది. అది బార్సెలోనాకు చేరిన ధనము. నెయ్‌మార్ జీతము వేరు. గడువు ముగిసిన పిమ్మట మాత్రము ఆటగాడు ఎవరికీ రుణపడి ఉండడు. ఎక్కడికైనను పోవచ్చును.

కాని ఎల్లకాలము ఇట్లు ఉండలేదు.

ఇంగ్లండులో ప్రెస్టన్ అను చిన్న నగరము కలదు. అక్కడి ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టులో టామ్ ఫిన్నీ అను గొప్ప ఆటగాడు ఉండేవారు. ఇంగ్లండు తరపున 76 ఆటలు ఆడి 30 గోల్సు చేసినారు. ఇంతటివాడైనను చేతిపనిగా నీటి గొట్టములు బిగించు పని చేసుకొనేవారు, ఏలననగా ఆనాడు ఇంగ్లండులో ఏ ఆటగాడికీ ఒక పరిమితికి మించి జీతము ఇవ్వరాదని నియమము. 1961లో ఆ నియమమును తొలగించు నాటికి కూడా ఆ పరిమితి వారానికి 20 పౌండ్లే. 1952లో ఇటలీ దేశపు పలెర్మో క్లబ్బు ఫిన్నీగారిని పిలిచినది. చేరినందుకే 10,000 పౌండ్లు, దానిపై జీతము, ఉండుటకు మేడ, తిరుగుటకు కారు. ఆయన వెళ్ళి తన క్లబ్బును అడిగినారు. క్లబ్బు వారు కాదన్నారు. అంతటితో ఆ కథ ముగిసినది.

ఆ రోజులలో ఒప్పందము ముగిసినను క్లబ్బు ఒప్పుకొననిదే ఆటగాడు మరొక చోట ఆడరాదు. తన పేరు క్లబ్బు పుస్తకములో నమోదై ఉండును; ఆ నమోదును క్లబ్బు విడువదు. ఫిన్నీగారు 1960లో ఆట మానువరకు ప్రెస్టన్‌లోనే ఆడినారు. లీగు కప్పు గాని, ఎఫ్.ఏ. కప్పు గాని గెలువలేదు. నేడు ఆయనను విశ్వాసమునకు మారుపేరుగా చెప్పుకొందురు, ఆయన విగ్రహము ఆ మైదానము వెలుపల ఉన్నది. ఆయన తన ఊరిని ప్రేమించినారు, అందులో సందేహము లేదు. అయినను తలుపునకు బయట తాళము వేసి ఉన్నప్పుడు, లోపలివాడు ఇష్టపడి ఉన్నాడో లేదో ఎట్లు తెలియును?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. మలయాకు వచ్చిన మన పూర్వులలో ఎందరో ఒప్పందపు కూలీలుగా వచ్చినారు. గడువు తీరకముందు తోట విడిచిపోయినచో జైలుశిక్ష కూడా పడేది. 1910లో ఆ పద్ధతిని రద్దు చేసినారు గాని, ఆ తరువాత కూడా కంగాణికి అప్పు, తోటవారి ఇల్లు అను రెండు గొలుసులు మిగిలినవి. మా తాతగారు దిగువ పెరాక్‌లోని ఒక కొబ్బరి తోటలో ముప్పది ఎనిమిది ఏండ్లు పనిచేసినారు. నమ్మకమైన మనిషి అని తోట దొర మెచ్చుకొనేవాడట. లైను ఇల్లు తోటది. పని మానినచో ఇల్లు ఖాళీ చేయవలెను. పిల్లలు ఐదుగురు. ఆ మెప్పు మాట విన్నప్పుడు తాతగారు నవ్వి ఊరుకొనేవారని మా అమ్మ చెప్పేది. తరువాత తోటను అమ్మివేసినప్పుడు ఆ నమ్మకమునకు బదులుగా ఇంకొక ఇల్లు ఎవరూ ఇయ్యలేదు.

ఇంగ్లండులో ఆ తాళమును మొదట కదిలించినది జార్జ్ ఈస్తమ్. న్యూకాసిల్ క్లబ్బుతో తన ఒప్పందము ముగిసినది, ఆయన వెళ్ళెదనన్నారు, క్లబ్బు విడువలేదు. ఆయన ఆడుట మానివేసి, వేరొక ఉద్యోగము చేసికొని బ్రతికినారు. చివరకు 1960లో ఆర్సెనల్‌కు పోనిచ్చినారు గాని ఆయన అంతటితో ఊరుకొనక న్యాయస్థానమునకు వెళ్ళినారు. 1963లో ఆ పాత పద్ధతి అన్యాయమని తీర్పు వచ్చినది. ఆ తరువాత బెల్జియము దేశస్థుడు జాన్-మార్క్ బోస్మన్. 1990లో ఆయన ఒప్పందము ముగిసినను లియేజ్ క్లబ్బు ఆయనను ఫ్రాన్సుకు పోనీయలేదు, పైగా జీతము తగ్గించినది. ఐదేండ్లు పోరాడినారు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానము ఆయన పక్షమున తీర్పు చెప్పినది. ఒప్పందము ముగిసిన ఆటగాడు సొమ్ముతో పనిలేకుండా పోవచ్చును. అలెగ్జాండర్-ఆర్నాల్డ్ విడిచిపోగలిగినది ఆ తీర్పు వలననే. బోస్మన్‌గారి సొంత జీవితము మాత్రము ఆ తరువాత కష్టములలోనే గడిచినది.

తలుపు తెరచిన పిమ్మట కూడా నిలిచినవారు ఉన్నారు. ఇటలీలో పావ్‌లో మాల్దీని 25 సీజనులు మిలాన్ క్లబ్బుకే ఆడినారు. ఆయన తండ్రిగారు కూడా అక్కడే ఆడినవారు. ఆయనను నేను గౌరవింతును గాని ఆశ్చర్యపోను. ఐదు ఐరోపా కప్పులు గెలిచిన జట్టును ఎవరు విడుతురు? నాకు ఆశ్చర్యము కలిగించువారు రోమా క్లబ్బు ఆటగాడు ఫ్రాన్సెస్కో టొట్టీ. 1993 నుండి 2017 వరకు 786 ఆటలు, 307 గోల్సు. ఇంతకాలములో ఇటలీ లీగు గెలిచినది ఒక్కసారి, 2001లో. రియల్ మాడ్రిడ్ పిలిచినను పోలేదు. పోవచ్చును, పోలేదు. ఫిన్నీగారికీ ఈయనకూ తేడా అక్కడ ఉన్నది.

మనము ఎప్పుడూ ఆటగాడినే నిలదీయుదుము. క్లబ్బును ఎవరూ అడుగరు. లియొనెల్ మెస్సీ పదమూడేండ్ల బాలుడుగా 2000లో అర్జెంటీనా నుండి బార్సెలోనాకు వచ్చినారు. ఎదుగుదల తక్కువగా ఉన్న ఆ బాలుని వైద్యమునకు క్లబ్బు ఖర్చు భరించినది. ఆయన బదులుగా 672 గోల్సు ఇచ్చినారు. 2020లో ఒకసారి పోయెదనన్నమాట నిజమే. కాని 2021లో సగము జీతమునకే ఉండుటకు ఒప్పుకొన్నను, క్లబ్బు అప్పులలో మునిగి, లీగు నియమముల ప్రకారము ఆయన పేరును నమోదు చేయలేకపోయినది. వీడ్కోలు సభలో ఆయన వెక్కి వెక్కి ఏడ్చినారు. గాయపడిన ఆటగాళ్ళను, వయస్సు మళ్ళినవారిని క్లబ్బులు ప్రతి సంవత్సరము వదలివేయుచునే ఉండును. అప్పుడు ఎవరూ కేకలు వేయరు.

అట్లని ఏమి చేసినను సరియే అనుట లేదు. 2025లో అలెగ్జాండర్ ఇసాక్ అదే న్యూకాసిల్ క్లబ్బులో ఆడుటకు నిరాకరించి, లివర్‌పూల్‌కు 125 మిలియన్ పౌండ్లకు వెళ్ళినారు. క్లబ్బు తనకిచ్చిన మాట తప్పినదని ఆయన వాదన. అట్టి మాట ఇయ్యలేదని క్లబ్బు వాదన. ఈస్తమ్ కూడా ఆడనన్నవారే కదా అని మీరు అడుగవచ్చును. ఈస్తమ్ ఒప్పందము ముగిసినది. ఇసాక్ ఒప్పందము 2028 వరకు ఉన్నది. తాను ఇష్టపడి చేసిన సంతకమును గడువు వరకు నిలుపుకొనవలెనని నా అభిప్రాయము.

ఇక మన దేశము. సెలంగోర్ జట్టులో మొఖ్తార్ దహారి, గోలు కాపాడిన ఆర్. అరుముగమ్ ఆడిన కాలములో జట్టు అనగా రాష్ట్రము. ఏ రాష్ట్రమున పుట్టి పెరిగినాడో, ఏ రాష్ట్రమున ఉద్యోగము ఉన్నదో ఆ చొక్కా తొడుగుకొనుట ఆనవాయితీ. జీతములు మోసుకొని ఎవరూ ఇంటికి వచ్చేవారు కారు. 1989లో సగము వృత్తిగా లీగు ఏర్పడిన తరువాత ధనము వచ్చినది, ధనముతో మార్పిడులు వచ్చినవి. 33 సార్లు మలేసియా కప్పు గెలిచిన సెలంగోర్ నుండి మంచి ఆటగాళ్ళు కొందరు జొహోర్‌కు తరలినారు. 2014 నుండి లీగు కప్పు జొహోర్‌ను విడిచి రాలేదు. సెలంగోర్ అభిమానులు ఇప్పటికిని దీనికి బాధపడుదురు, వారిలో నేనును ఒకడిని.

సఫీ సాలి సంగతి మీ అన్నలను అడుగుడు. 2010 డిసెంబరులో ఆగ్నేయాసియా పోటీ ఆఖరి ఆటలు మనకును ఇండోనేసియాకును రెండు జరిగినవి. బుకిట్ జలీల్‌లో సఫీ రెండు గోల్సు, జకార్తాలో ఇంకొకటి. ఇండోనేసియా చేతికి అందిన కప్పును లాగుకొన్నవాడు ఆయనే. మరుసటి సంవత్సరము సెలంగోర్‌ను విడిచి ఆయన ఏ దేశమునకు ఆడబోయినారో తెలియునా? ఇండోనేసియాకే, పెలితా జయ అను క్లబ్బునకు. ఓడించినవానిని అక్కడి క్లబ్బే చేర్చుకొన్నది. దేశము తరపున ఆడవలసి వచ్చినప్పుడు ఆయన తిరిగి వచ్చి మన పసుపుపచ్చ చొక్కానే తొడుగుకొన్నారు.