సెలోఫేన్ గొట్టంతో మొదలైన డయాలసిస్

నెదర్లాండ్స్ జర్మనీ సైన్యాల ఆక్రమణలో ఉన్న కాలం. కాంపెన్ ఊరి ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు చెక్కపట్టీల డ్రమ్ముకు సెలోఫేన్ గొట్టం చుట్టి, ఉప్పునీటి తొట్టిలో సగం మునిగేలా పెట్టి తిప్పాడు. ఆ గొట్టం మాంసం సాసేజ్‌లకు తొడుగుగా వాడేది. 1943లో కిడ్నీలు చెడిన మనిషి రక్తాన్ని అందులో పారించాడు. తొలి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో మాత్రం స్పృహ లేని 67 ఏళ్ల మహిళ కోలుకుని లేచింది.

దీని వెనుక సూత్రం పాతదే. సన్నని పొర గుండా చిన్న అణువులు దాటుతాయని, పెద్దవి ఆగిపోతాయని 1861లోనే థామస్ గ్రాహం చూపి, ఆ పద్ధతికి డయాలసిస్ అని పేరు పెట్టాడు. ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు పదార్థం దానంతటదే వ్యాపిస్తుంది. రక్తంలోని యూరియా అలా బయటికి పోతుంది. రక్తకణాలు, ప్రోటీన్లు లోపలే ఉంటాయి.

మరి సోడియం, గ్లూకోజ్ కూడా చిన్నవే కదా, అవీ పోవా? పోతాయి. అందుకే బయటి ద్రవంలో వాటిని ముందే తగు మోతాదులో కలుపుతారు. రెండు వైపులా సమంగా ఉంటే నికర నష్టం ఉండదు. పొటాషియం తగ్గించి ఉంచుతారు, రక్తంలో పేరుకున్నది దిగిపోవడానికి. యూరియా అసలే కలపరు. డయాలసిస్ నేర్పంతా ఈ ద్రవం తయారీలోనే ఉంది.

అయినా ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాల్సి రావడంతో ఈ చికిత్స కొద్ది రోజుల మేలే అయింది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు రోగి చేతికి టెఫ్లాన్ గొట్టాలు అమర్చి వదిలేశాక, ఏళ్ల తరబడి డయాలసిస్ సాధ్యమైంది. నేటి యంత్రంలో డ్రమ్ము లేదు. వేలాది బోలు పోగులున్న చిన్న గొట్టం చాలు.

అసలు కిడ్నీ పని వేరు. రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, దాదాపు 99 శాతం నీటిని తిరిగి రక్తంలోకి చేరుస్తుంది. దాని కణాల పొరల్లోని ప్రోటీన్ పంపులు శక్తి ఖర్చుచేసి సోడియాన్ని తోడతాయి. అలా ఏర్పడిన సోడియం సాంద్రత తేడా ఆధారంగానే గ్లూకోజ్ కూడా వెనక్కి వస్తుంది. యంత్రపు పొరకు ఆ ఎంపిక లేదు, అది ఉత్త జల్లెడ. ఎర్ర రక్తకణాల ఉత్పత్తికి అవసరమైన హార్మోన్‌నూ అది తయారుచేయలేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ యంత్రం చాలా ఇళ్లకు తెలిసిన పేరు. అది ప్రాణం నిలుపుతుంది, కిడ్నీని తిరిగి ఇవ్వదు. షుగరు, బీపీ ఉన్నవారు ఏటా క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోవడం మేలు.