చెరువులో నురగ: మిషను కొనే ముందు

తెల్లారేసరికి గాలి తోసిన మూలన జేగురు రంగు నురగ పేరుకుని ఉంటే వనామీ రైతులు కంగారు పడటం సహజం. ఇలాంటప్పుడే 'ప్రొటీన్ స్కిమ్మర్' మిషను పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎకరం, రెండెకరాల రైతు డబ్బు పెట్టే ముందు అదేమిటో తెలుసుకోవాలి.

మిగిలిపోయిన మేత, రొయ్యల మలం, చచ్చిన ప్లాంక్టన్ నుంచి మాంసకృత్తులు నీటిలో కలుస్తాయి. వీటికి ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస నీటికి దూరంగా పోవాలని చూస్తుంది. అందుకే గాలి బుడగ దొరికితే దాన్ని అంటుకుని పైకి వచ్చి, జిగట నురగగా నిలుస్తాయి. సముద్రపు చేపల అక్వేరియంలలో, హేచరీలలో తల్లి రొయ్యల తొట్ల వద్ద వాడే స్కిమ్మర్ చేసేదీ ఇదే. నిలువు గొట్టంలో పైనుంచి నీళ్లు దిగుతుంటే కిందినుంచి సన్నటి బుడగలు వస్తాయి. నురగ గొట్టం మెడ గుండా ఎక్కి పైనున్న గిన్నెలో పడుతుంది. చెత్త కుళ్లి అమ్మోనియాగా మారకముందే బయటికి పోతుంది. అప్పటికే తయారైన అమ్మోనియాను మాత్రం ఇది తీయలేదు.

ఉప్పునీటిలో బుడగలు సన్నగా, విడివిడిగా ఉంటాయి. చప్పనీటిలో ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై పగిలిపోతాయి. బోరు నీటితో 5 పిపిటి లోపు ఉప్పుశాతంలో పెంచేవారికి ఈ మిషను అక్కరకు రావడం కష్టం.

ఉప్పునీటి చెరువైనా లెక్క చూడండి. ఎకరం చెరువులో 4 అడుగుల లోతున దాదాపు 49 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. గంటకు 10 వేల లీటర్లు నడిపే స్కిమ్మర్‌లో ఆ నీళ్లన్నీ ఒక్కసారి తిరగాలంటే 20 రోజులు పడుతుంది. ఈలోగా మనం మేత రోజూ వేస్తూనే ఉంటాం! కరెంటు బిల్లు సరేసరి.

నిజానికి మీ ఏరియేటర్లే సగం పని చేసిపెడుతున్నాయి. అవి లేపిన నురగను గాలి ఒక మూలకు చేరుస్తుంది. అక్కడ వెదురుబొంగులకు సన్నకన్ను వల కట్టి అడ్డుపెట్టి, రోజూ పొద్దున్నే తీసేయండి. తీసింది గట్టు మీద పోయకండి, వానకు మళ్లీ చెరువులోకే దిగుతుంది. కాలువలోనూ వేయరాదు. దూరంగా గుంట తీసి పూడ్చాలి.

ఏరియేటర్ దగ్గర లేచి వెంటనే పగిలిపోయే తెల్లనురగకు భయపడనక్కర్లేదు. టీ సీడ్ కేక్ చల్లిన తర్వాత వచ్చే నురగ కూడా వేరు, అది ఆ పిండి గుణమే. జిగటగా, ముదురు రంగులో నిలిచిపోయేదాన్నే పట్టించుకోవాలి. దాంతోపాటు నీటి రంగు ఒక్కసారిగా పలచబడితే ప్లాంక్టన్ చచ్చిందన్నమాట. ఆ రాత్రి ఏరియేటర్లు ఆపకూడదు. తెల్లవారుజామున ఆక్సిజన్ కొలిచి, 4 పిపిఎం కన్నా తగ్గితే ఆ పూట మేత మానేయండి. చెక్ ట్రేలు చూసుకుంటూ మేత తగ్గిస్తే నురగ దానంతటదే తగ్గుముఖం పడుతుంది. పంట దక్కేది ఇక్కడే.

సముద్రపు నీటితో తొట్లలో నర్సరీ పెట్టేవారికి స్కిమ్మర్ పనికొస్తుంది. మెడలో జిడ్డు పడితే నురగ ఎక్కదు కనుక రోజూ తుడవాలి. మేతకు చేపనూనె పట్టించి వేసినప్పుడు కొన్ని గంటలు నురగ రాదు, మిషను చెడిపోయిందనుకోవద్దు. పిల్లలకు నాచును మేతగా ఇచ్చే తొట్లలో మాత్రం దీన్ని ఆపి ఉంచాలి, లేదంటే ఆ నాచు కూడా నురగతో పాటు గిన్నెలోకి పోతుంది.